పని వచ్చిన చేయి



గోడ కట్టే మేస్త్రి దారానికి గుండు కట్టి వేలాడదీసి చూస్తాడు. వరస వంకర పోతే అక్కడికక్కడే విప్పేస్తాడు. ఆ చూపు ఒక్కరోజులో రాదు.

అమెరికా రచయిత్రి పిప్పా బిడిల్ హైస్కూల్లో ఉండగా, తోటి విద్యార్థినులతో టాంజానియా వెళ్లింది. ఒక అనాథాశ్రమంలో గ్రంథాలయం కట్టాలి. పగలంతా సిమెంటు కలిపారు. ఇటుకలు పేర్చారు.  తర్వాత ఆమెకు ఒక సంగతి తెలిసింది. రాత్రిళ్లు ఊరి మనుషులు ఆ ఇటుకలు ఊడదీసి, మళ్లీ సరిగ్గా పేరుస్తున్నారు! విద్యార్థినులకు మాత్రం ఆ మాట చెప్పలేదు.

2014లో ఆమె ఇదంతా దాచకుండా రాసింది.

ఆ విద్యార్థినుల మనసు మంచిదే. చేతికే పని రాదు.

1934లో భూకంపం బీహార్‌ను కుదిపేసింది. స్విట్జర్లాండ్ నుంచి పియర్ సెరెసోల్ సాయానికి వచ్చాడు. ఆయనదీ మంచి మనసే. కానీ ఆయన ఇంజనీరు, చేతికి పని వచ్చు. కొద్దిమంది వలంటీర్లతో, ఊరివాళ్లతో కలిసి ఇళ్లు కట్టాడు. ఒకసారి వచ్చి వెళ్లిపోలేదు. మళ్లీ మళ్లీ వచ్చాడు.

విదేశీ సేవా యాత్రకు పేరు ఇస్తున్న విద్యార్థులు ఈ రెండు గోడలనూ తలచుకోవాలి. మనసు సిద్ధంగా ఉంది, సంతోషం. ఆ పని చేతికి వచ్చా? ఊరివాళ్లు అడిగిన పనేనా? అక్కడి మేస్త్రికి దక్కాల్సిన కూలి దక్కుతుందా? విమానం టికెట్టు కొనేముందే ఆ ఊరి మనుషుల్ని అడగవచ్చు.