సాయం చేసేముందు అడుగు

చి. పాపకు,

ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రంలో నీకు ఉద్యోగం వచ్చిందని మీ నాయన ఫోన్లో చెప్పినాడు. చాలా సంతోషం. నీ దగ్గరికి వచ్చే పిల్లల్లో ఆటిజం ఉన్నవాళ్లూ ఉంటారు. నాకూ ఆటిజం ఉందని డాక్టర్లు చెప్పేసరికి నా తల నెరిసింది. అంతవరకు బంధువుల్లో నాకున్న పేర్లు నీకు తెలుసు: మొండివాడు, మూగిమొద్దు, మర్యాద తెలియనోడు. శిక్షణలో నీకు పద్ధతులు నేర్పించి ఉంటారు. బల్లకు అవతలివైపు కూర్చున్న బిడ్డకు ఏమనిపిస్తుందో నేను చెప్తాను.

నా మాట ఒక్కటే. ఎంత మంచి మనసుతో చేసినా, అడక్కుండా చేసే సాయం బిడ్డ దగ్గరున్నదాన్ని కూడా లాగేసుకోగలదు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఈ పిల్లలకు పరీక్షలో అదనపు సమయం, జవాబులు రాసిపెట్టే మనిషి, రెండో భాష, మూడో భాషల నుంచి మినహాయింపు వంటి వెసులుబాట్లు కల్పించమంటుంది. భాషతో కుస్తీపట్టి అలిసిపోయే బిడ్డకు ఆ మినహాయింపు పెద్ద ఊరట. అయితే అందరికీ అదే ఊరట అనుకోవద్దు. మన రాజంపేట రైల్వే స్టేషన్లో పసుపు బోర్డు మీద ఊరి పేరు తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో ఉంటుంది. నేను హిందీ అక్షరాలు పట్టుకున్నది దాని ముందు నిలబడే. అటు నందలూరు, ఇటు ఓబులవారిపల్లె, కోడూరు. బోర్డు మారేకొద్దీ నాకు తెలిసిన అక్షరాలు పెరిగినాయి. మనుషుల మాటలు గందరగోళంగా ఉన్న వయసులో అక్షరాలు నాకు నిలకడగా కనిపించేవి. ఇప్పటి బడిలో అయితే నామీద జాలిపడి హిందీ తీసేసి ఉండేవాళ్లేమో. నాకు బాగా వచ్చిన పాఠమే పోయేది. ఆ చట్టంలోనే 16వ సెక్షన్, సదుపాయం ఆ వ్యక్తి అవసరాన్ని బట్టి ఉండాలంటుంది. ఆ ముక్క గట్టిగా గుర్తుపెట్టుకో. సర్టిఫికెట్ మీద ఆటిజం అని చూసి ఆగిపోకుండా, ఎదురుగా ఉన్న బిడ్డను చూడు.

బడిలో ప్రార్థన వేళ మైకు మోతకు చెవులు మూసుకునే బిడ్డను వేరే గదిలో కూర్చోబెట్టడం తేలిక. కొన్నాళ్లకు ఆ గదే ఆ బిడ్డకు ఖాయమైపోతుంది. ముందు మైకు తగ్గించమని హెడ్మాస్టరును అడుగు. వరస చివర, మోతకు దూరంగా నిలబడతావా అని బిడ్డను అడుగు. ఉండలేనప్పుడు బయటికి పోవడానికీ, కుదుటపడినాక తిరిగి రావడానికీ స్వేచ్ఛ ఇవ్వు. నేను ఒంటిమిట్ట కోదండరాముని కల్యాణానికి పోతాను. రాత్రిపూట జరిగే ఆ పెండ్లిని జనం పలచగా ఉన్నచోట నిలబడి చూస్తాను. నన్ను ఇంట్లో వదిలిపెట్టి పోవడమే మేలని మావాళ్లు అనుకున్నన్నాళ్లు ఆ భాగ్యం నాకు లేదు.

ఇక మాట సంగతి. మనవాళ్లు 'చూద్దాంలే' అంటే చాలాసార్లు కుదరదనే. 'పోయొస్తా' అన్న మనిషి ఆ పూటకు తిరిగి రాడు. ఆటిజం ఉన్న బిడ్డ మాత్రం ఆ మాట నమ్మి గడప దగ్గరే కూర్చుంటుంది. అట్లని సాగదీసి, గట్టిగా, పసిపాపతో మాట్లాడినట్టు మాట్లాడొద్దు. చెప్పదలచుకున్నదే చెప్పు. ఐదు నిమిషాల తర్వాత పుస్తకం మూస్తామంటే ఐదు నిమిషాలకే మూయి. కళ్లలోకి చూడమని గడ్డం పట్టి తిప్పొద్దు. ఎదుటి మనిషి కళ్లలోకి చూస్తుంటే నాకు మాట బుర్రకెక్కదు. గోడవైపు చూస్తేనే ఎక్కుతుంది.

ఆటిజం గురించి తొలినాళ్లలో రాసిన డాక్టరు లియో కానర్. 1943లో ఆయన 11 మంది పిల్లల గురించి రాసినాడు. వాళ్లలో కొందరు విన్న మాటనే తిరిగి అనేవారు, తమను తామే 'నువ్వు' అనుకునేవారు. 'నీళ్లు కావాలా?' అని బిడ్డ నిన్ను అడిగితే, దాహమేస్తోందేమో చూడు. ముందు నీళ్లివ్వు. 'నాకు కావాలి' అంటేనే ఇస్తానని గ్లాసు పైకెత్తి పట్టుకోవద్దు. పెద్దలు అర్థం లేదని కొట్టిపారేసే మాటలకు ఆ బిడ్డ అనుభవంలోనే మూలం ఉంటుందని కానర్ 1946లో మరో వ్యాసంలో చూపించినాడు. ఆ మూలం వెతకడం నీ పని.

బ్రిటన్ పరిశోధకుడు డేమియన్ మిల్టన్‌కూ ఆటిజం ఉంది. మాకూ మిగతావాళ్లకూ మధ్య ఉన్న అర్థంకానితనం రెండువైపులా ఉందని ఆయన 2012లో రాసినాడు. మీరు మాకు అర్థం కారు, మేము మీకు అర్థం కాము. శిక్షణ మాత్రం మాకే ఇస్తారు. ఆ బరువులో సగం నువ్వు మోయి.

పేర్ల గురించీ చెప్పాలి. వికలాంగుల సంక్షేమం చూసే ప్రభుత్వ శాఖ బోర్డు మీద విభిన్న ప్రతిభావంతులు అని ఉంటుంది. 2015లో ప్రధాని సూచించినాక దివ్యాంగులు అనే మాట వాడుకలోకి వచ్చింది. గౌరవంగా పిలవాలన్న తపన మంచిదే. నన్ను మాత్రం ఆటిజం ఉన్న మనిషి అంటే చాలు. అందులో దాచాల్సిందేమీ లేదు. ఇంకొకరికి ఇంకో పేరు ఇష్టమైతే అట్లే పిలువు. పేరు ఏదైనా, బిడ్డ ముందరే తల్లితో 'వీడికేం తెలీదులేమ్మా' అనొద్దు. నోట మాటరాని బిడ్డ కూడా అన్నీ వింటుంది.

మాటరాని బిడ్డను ఎట్లా అడగాలంటావేమో. రెండు బొమ్మలు ముందుపెట్టి, కావాల్సింది చేత్తో చూపనివ్వు. రాయగలిగితే పలక ఇవ్వు. తోసేస్తే అదీ జవాబే, దాన్నీ లెక్కలోకి తీసుకో. ఈ రోజు పనికొచ్చిన సదుపాయం వచ్చే ఏడు పనికిరాకపోవచ్చు, మళ్లీ అడుగు. సాయం చేసినావని కృతజ్ఞత కోసం ఎదురుచూడొద్దు. అల్లరి చేసినాడని చేసిన సదుపాయం వెనక్కి తీసుకోవద్దు. అది చట్టం ఇచ్చిన హక్కు. నీ దయ కాదు, నా దయ కాదు.

నీ రిజిస్టరులో ప్రతి బిడ్డ పేరు పక్కన, ఏం చేయాలో రాసుకునేముందు ఆ బిడ్డ ఏం కోరుకుందో రాయి. అది రాయనంతవరకు తక్కినది రాయొద్దు తల్లీ.

ఇట్లు,
మీ పెదనాన్న,
రాజంపేట