కారాగారమున మానవ విభాగము

తెలుగువారు చెరసాలను పరిహాసముగా 'శ్రీకృష్ణ జన్మస్థానము' అందురు. స్వాతంత్ర్యోద్యమ దినములలో రాజమహేంద్రవరము జైలుకు పోయి వచ్చినవానిని గూర్చి యీ మాట వాడినపుడు అందు గౌరవ ముండెడిది. దొంగతనము చేసి పోయినవానిని గూర్చి వాడినపుడు ఎగతాళి యుండెడిది. స్థాన మొక్కటియే, పోయినవారియందే భేదము. ఈ భేదమును గుర్తింపరాదని ఎవ్వరును చెప్పరు. దేనినిబట్టి గుర్తింపవలె నన్నదే ప్రశ్న. మానవుని జన్మను బట్టియా, సంపదను బట్టియా, చేసిన పనిని బట్టియా, లేక అతడు కాగలిగిన దానిని బట్టియా?

కారాగార ద్వారము దాటినవాని పేరు, వయస్సు, నేరము, శిక్షాకాలము రిజిస్టరున వ్రాయబడును. ఆ పిమ్మట అతడు ఏ బారకున నిద్రింపవలెనో, ఏ పని చేయవలెనో, ఎట్టి కాపలాలో నుండవలెనో నిర్ణయింపబడును. మన దేశమున ఈ విభజనకు చిరకాలము ఆధారమైనది 1894 నాటి కారాగార చట్టము. అందలి 27వ విభాగము స్త్రీలను పురుషుల నుండియు, వయస్సున చిన్నవారిని పెద్దల నుండియు, శిక్ష పడనివారిని శిక్ష పడినవారి నుండియు, సివిలు ఖైదీలను క్రిమినలు ఖైదీల నుండియు వేరుగా నుంచవలెనని శాసించినది. ఈ నాలుగు భేదములలో ఎవనినైనను తక్కువ చేయుట లేదు. బలహీనుని రక్షించుట, నిర్దోషి కావచ్చునని తలపదగినవానిని నిర్దోషిగానే చూచుట, ఇంతియే. అయినను చట్టమున నున్నది గోడల మధ్య నుండుట సులభము కాదు. 2022 సంవత్సరాంతమున దేశమందలి జైళ్లలో 4,36,266 మందికి చోటుండగా 5,73,220 మంది యుండిరి. వారిలో 4,34,302 మంది, అనగా నూటికి డెబ్బదియైదుగురికి మించి, ఇంకను విచారణలో నున్నవారే. ఒకనికి చాలీచాలని చోట ఇరువురు పండుకొనునపుడు ఎవనిని ఎవని నుండి వేరు చేయుట?

ఇది స్థలాభావమువలన కలిగిన లోపము. బుద్ధిపూర్వకముగా చేసిన లోపములు వేరుగా కలవు.

1929లో లాహోరు జైలున జతీంద్రనాథ దాసు, రాజకీయ ఖైదీలను మానవోచితముగా చూడవలెనని కోరుచు 63 దినములు నిరాహారియై, సెప్టెంబరు 13వ తేదీన ప్రాణములు విడిచెను. దేశ మంతయు కదలెను. మరుసటి యేట ప్రభుత్వము ఎ, బి, సి తరగతుల నేర్పరచినది. కాని ఆ తరగతులకు ఆధారము త్యాగము కాదు, ఉద్దేశము కాదు. ఖైదీ బయట ఎట్టి జీవనమునకు అలవాటుపడి యుండెనో, అతని సాంఘిక స్థితి యేమో, చదువెంతో అన్నవే ముఖ్య ప్రమాణములు. ఒకే ఉద్యమమున ఒకే దినమున పట్టుబడిన వకీలునకు మంచమును, కూలికి చాపయు లభింపగలవు. సమత్వమునకై ఒకడు ప్రాణమీయగా వచ్చిన ప్రత్యుత్తర మిది! సుఖమున పెరిగినవానికి కష్టము మిక్కిలి తోచునను వాదము కొంత నిజమే కావచ్చును. కాని ఆ వాదమును చివర వరకు నడిపినచో, పేదవాడు బయట ఆకలితో నుండెను గనుక లోపలను ఆకలితో నుండవచ్చునని చెప్పవలసి వచ్చును.

జన్మను బట్టి చేసిన విభజన ఇంతకన్న లోతైనది. వివిధ రాష్ట్రముల జైలు నియమావళులలో వంట చేయుటకు తగిన కులమువారిని, ఊడ్చుటకును మలమూత్రముల నెత్తుటకును ఆ పనికి 'అలవాటుపడిన' కులమువారిని నియమించు నిబంధనలు స్వాతంత్ర్యానంతరము కూడ అనేక దశాబ్దములు నిలిచియుండెను. 2024 అక్టోబరు 3వ తేదీన సుకన్యా శాంత దావాలో సుప్రీంకోర్టు ఇట్టి నిబంధనలను రాజ్యాంగ విరుద్ధములని కొట్టివేసి, ఖైదీల రిజిస్టరులలో కులమును వ్రాయు గడినే తొలగింపవలెనని ఆదేశించినది. అస్పృశ్యతను నిషేధించిన రాజ్యాంగము అమలులోనికి వచ్చి డెబ్బదినాలుగేండ్లు గడచిన తరువాత ఈ మాట చెప్పవలసి వచ్చెను.

ఆ తీర్పున మరియొక విషయము విచారశీలునకు మిక్కిలి ముఖ్యమైనది. కొన్ని నియమావళులు విముక్త జాతులలో పుట్టినవానిని ప్రభుత్వ విచక్షణపై 'అలవాటైన నేరస్థుని'గా పరిగణింపవచ్చునని చెప్పెను. దీని మూలము 1871 నాటి నేరస్థ జాతుల చట్టమున నున్నది. ఆంధ్రదేశమున దాని జాడ తెలియనివారు తక్కువ. బాపట్ల ప్రాంతమున నున్న స్టువర్టుపురము అట్టి చట్టముక్రింద ఎరుకలవారి కొరకు ఏర్పరచబడి సాల్వేషన్ ఆర్మీవారి యాజమాన్యమున నడచిన సెటిల్మెంటు. చట్టము 1952లో రద్దయ్యెను. ఊరి పేరు వినగానే అనుమానించుట రద్దు కాలేదు.

'అలవాటు' అను మాటను కొంచెము పరిశీలింపుడు. అలవాటనగా పలుమారు చేయుటచేత ఏర్పడునది. చేయక పూర్వము అలవాటు లేదు. అట్లయిన మొదటిమారు జైలునకు వచ్చినవాడు తల్లి గర్భమునుండియే నేరమునకు అలవాటుపడెనని చెప్పుట ఎట్లు పొసగును? సంస్కారము కర్మవలన కలుగునని మన శాస్త్రములు చెప్పినవి. కర్మవలననే క్షయించునని కూడ చెప్పినవి. జన్మాంతర సంస్కారమును ఆధారము చేసికొని యీ నిబంధనను సమర్థింప జూచువా రుందురేమో! వారికి సమాధాన మొకటే. జన్మాంతర సంస్కారమును చదువగల దృష్టి జైలు గుమాస్తాకు ఈయబడలేదు.

అయినను ఎదుటి పక్షమున బలమైన వాదమొకటి కలదు. దానిని తేలికగా త్రోసివేయరాదు. తమిళనాడు పాళయంకోట కేంద్ర కారాగారమున వివిధ కులముల ఖైదీలను వేరువేరు చోట్ల నుంచెడివారు. బయట ఆ కులముల మధ్య కలహములు కలవనియు, ఒకచోట నుంచినచో రక్తపాతము జరుగుననియు అధికారులు చెప్పిరి. మద్రాసు హైకోర్టు ఒకప్పుడు ఈ కారణము నంగీకరించినది. 2024 తీర్పున సుప్రీంకోర్టు అంగీకరింపలేదు. రాత్రివేళ బారకున హత్య జరిగినచో తెల్లవారి బదులు చెప్పవలసినవాడు న్యాయమూర్తి కాడు, సూపరింటెండెంటు. అతని భయము కల్పితము కాదు. కాని అతడు తెలిసికొనవలసిన దేమి? ఈ యిరువురి మధ్య పగ కలదా యని. ఉన్నచో వారిని ఒకే కులమువారైనను వేరు చేయవలెను. లేనిచో కులములు వేరైనంత మాత్రమున వేరు చేయుట, లేని పగను ఉన్నదని ప్రకటించుటయే యగును. పగను విచారించుటకు శ్రమ కావలెను, ఖైదీతో మాటలాడవలెను. కులమును చూచుటకు రిజిస్టరు చాలును. శాంతిరక్షణ యను పేర జరిగిన దానిలో ఎంత భాగము శాంతికొరకో, ఎంత భాగము శ్రమ తప్పించుకొనుట కొరకో అధికారులే చెప్పవలెను.

ఇందుండి ఒక ప్రమాణము లభించుచున్నది. ఏ వర్గమునకైనను బయటికి త్రోవ కలదా యని అడుగవలెను. బాలుడు పెద్దవాడగును, విచారణలో నున్నవాడు తీర్పుతో ఆ స్థితిని దాటును, పగబట్టినవాని పగ చల్లారవచ్చును. ఈ వర్గములకు వాకిలి కలదు. కులమునకు లేదు, ఎ తరగతి పుట్టుకకు లేదు. అయితే 'ప్రమాదకరుడు' అను వర్గము మాటయేమి? దానికి వాకిలి యున్నను, తెరచువాడు లేనిచో గోడతో సమానము. 1978లో సునీల్ బాత్రా దావాలో సుప్రీంకోర్టు ముందు ఈ ప్రశ్నయే వచ్చెను. మరణశిక్ష ఇంకను అంతిమముగా స్థిరపడని ఖైదీని ఏకాంతమున నుంచుట చెల్లదనియు, కాళ్లకు సంకెళ్లు వేయుట కారణము లేక, పునర్విమర్శ లేక నిరవధికముగా సాగరాదనియు న్యాయస్థానము నిర్ణయించినది. ఒక దినము నిజమైన నిర్ణయము, మరల చూడనందువలననే, మరియొక దినమున అబద్ధమగును.

వర్గమును బట్టియే కాపలా రూపొందును. అండమానులోని సెల్యులర్ జైలు 1906లో పూర్తియయ్యెను. నడుమ గోపురము, దాని చుట్టు చక్రపు ఆకులవలె ఏడు విభాగములు, దాదాపు 700 ఒంటరి గదులు. ఒక వరుస ముఖము వేరొక వరుస వీపు వైపుండును. ఒక ఖైదీ మరియొక ఖైదీ ముఖమును చూడరాదు. లోపలనున్న ప్రతివాడును మారడను నమ్మకముతో కట్టిన కట్టడ మది.

దీనికి విరుద్ధమైన నమ్మకముతో ఔంధు సంస్థానమున ఒక ప్రయత్నము జరిగెను. పోలండు దేశీయుడును ఇంజనీరును, భారతానందుడను పేర ప్రసిద్ధుడును అగు మారిస్ ఫ్రీడ్‌మన్ ప్రోత్సాహమున, 1939 ప్రాంతమున స్వతంత్రపురమను గోడలులేని వ్యవసాయ శిబిరము వెలసినది. ఘోర నేరములకు శిక్షపడినవారే అచ్చట భూమి దున్నిరి. 1957లో వి. శాంతారామ్ తీసిన 'దో ఆంఖే బారహ్ హాథ్' చిత్రమునకు ఇదియే ప్రేరణ. చిత్రమును చూచి కన్నీరు పెట్టినవారు లక్షలు. తమ జిల్లాలో అట్టి జైలు కావలెనని అడిగినవారు ఎందరో!

ఇట్టి జైలు అందరికిని తగదు. తోడి ఖైదీని హింసించువానికి గోడయు కావలెను, కాపలాయు కావలెను. ఐక్యరాజ్య సమితి 2015లో నెల్సన్ మండేలా పేర స్వీకరించిన నియమములును అన్ని వర్గములకు ఒకే స్థాయి కాపలా అక్కరలేదని మాత్రమే చెప్పినవి. పారిపోవుటకు అడ్డము లేక, ఆత్మనిగ్రహము నాధారముగా గొన్న బహిరంగ కారాగారమును తగినవారికి మిక్కిలి అనుకూలమైనదిగా పేర్కొన్నవి.

జయపురము సమీపమున సాంగానేరులో సంపూర్ణానంద బహిరంగ శిబిరము 1963లో ప్రారంభమై నేటికిని నడచుచున్నది. శిక్షలో కొంత భాగమును మూసిన జైలులో గడపి, నడవడిచేత అర్హులైనవారు అచ్చటికి వత్తురు. వారిలో హత్యానేరమున యావజ్జీవ శిక్ష పడినవారు అనేకులు. భార్యాబిడ్డలతో కాపురముందురు, ఉదయమున ఊరిలోనికి పోయి కూలియో, వ్యాపారమో, ఉద్యోగమో చేసికొని, ఆ సంపాదనతో ఇల్లు గడుపుకొని, సాయంకాలము హాజరునకు మరలి వత్తురు. పిల్లలు బడికి పోవుదురు. హాజరు పిలుచువారును ఖైదీల పంచాయతీవారే.