50 గెలుపులు, 49 ఓటములు

‘నరుటో’ కథలో మైట్ గై మొదటిసారి కనిపించినప్పుడు ఎవరికైనా నవ్వే వస్తుంది. ఒంటికి అతుక్కుపోయిన ఆకుపచ్చ దుస్తులు, డిప్ప కటింగు, దట్టమైన కనుబొమలు, నవ్వితే తళుక్కుమనే పళ్ళు. ఒక పెద్ద తాబేలు మీద ప్రత్యక్షమవుతాడు. శిష్యుడు రాక్ లీని ఒక్కటి పీకుతాడు. మరుక్షణం వాణ్ణి కావలించుకుని వాడితో కలిసి తనూ ఏడుస్తాడు. ఆ పైన, నోళ్ళు తెరుచుకుని చూస్తున్న పిల్లలకు తనను తాను పరిచయం చేసుకుంటాడు: మీ గురువు కకాషీ నేనూ ఎప్పటికీ ప్రత్యర్థులం, ఇంతవరకు నావి 50 గెలుపులు, 49 ఓటములు అని.

ఇవన్నీ కత్తులు దూసుకున్న పోరాటాలేమీ కావు. రాయి, కాగితం, కత్తెర ఆట కూడా ఆ లెక్కలో ఉంది. అక్కడ ఓడినా గై దానికి శిక్ష వేసుకుంటాడు. చేతుల మీద తలకిందులుగా ఊరు చుట్టి వస్తానని ముందే పందెం కాసుకుంటాడు, ఓడితే చుట్టి వస్తాడు కూడా. కకాషి మాత్రం పుస్తకంలోంచి తల ఎత్తి, ‘ఏమన్నావు?’ అని అడుగుతాడు. విననట్టు నటించడం అతని అలవాటు.

మసాషి కిషిమొటో ఈ కథను 1999 నుంచి 2014 దాకా ‘వీక్లీ షోనెన్ జంప్’లో 700 అధ్యాయాలుగా గీశాడు. అందులో దేవతలున్నారు, రాక్షసులున్నారు, వంశపారంపర్యంగా కళ్ళలో శక్తులున్నవాళ్ళున్నారు. వాళ్ళందరి మధ్య మైట్ గై చేతులూ కాళ్ళూ ఆడించడాన్నే నమ్ముకున్నవాడు. కొనోహా గ్రామంలో కకాషి ఐదేళ్ళకే నింజా పాఠశాల పూర్తి చేసి, ఆరేళ్ళకు తర్వాతి హోదాకు ఎక్కేశాడు. గై అతని ఈడువాడే. ఆ ఊళ్ళో ఆ వయసు పిల్లవాడికి అంతకన్నా పెద్ద దురదృష్టం ఏముంటుంది? ఏం చేసినా పక్కవాడు దాన్ని ముందే చేసేసి ఉంటాడు. పోల్చడానికి పెద్దవాళ్ళు సిద్ధంగా ఉండనే ఉంటారు. వేసవి వస్తే ర్యాంకుల ఫోటోలతో పత్రికల మొదటి పేజీ నిండిపోయే చోట పెరిగిన మనకు ఆ పరిస్థితి విడమరిచి చెప్పనక్కర్లేదు. పెద్దనాన్నగారి అబ్బాయి మార్కులు వినని బాల్యం తెలుగు ఇళ్ళలో అరుదు.

గైని మెచ్చుకునేవాళ్ళు సాధారణంగా అతని కష్టాన్ని మెచ్చుకుంటారు. ప్రతిభ లేకపోయినా శ్రమతో పైకొచ్చాడని. ఆ మెప్పు నాకు పూర్తిగా రుచించదు. కష్టపడేవాళ్ళు లోకంలో చాలామందే ఉన్నారు, వాళ్ళలో చాలామంది కడుపుమంటతోనే కష్టపడతారు. పక్కవాణ్ణి దాటాలన్న పట్టుదలకు లోపల ఎక్కడో వాడు జారిపడితే బాగుండునన్న కోరిక అంటుకుని ఉంటుంది. ఆ కోరిక మాటగా బయటికి రాదు గానీ, వాడికి ఏదైనా దెబ్బ తగిలిందని విన్న రోజున మనసులో ఒక చిన్న తేలికదనం వస్తుంది. దాన్ని గుర్తుపట్టిన మనిషికి దాని వాసన ఎలాంటిదో తెలుసు. గైలో అది లేదు. అంత పెద్ద కథలో ఒక్కచోట కూడా కకాషి పడిపోవాలని అతను కోరుకోడు. నాకు ఆశ్చర్యంగా తోచేది అతని కండబలం కంటే ఇదే.

కకాషి బతుకు చూస్తే ఆ ప్రత్యర్థిత్వం అసలు ఏమిటో అర్థమవుతుంది. తండ్రి సకుమో గొప్ప యోధుడు. అప్పగించిన పని కంటే తోటివాళ్ళ ప్రాణాలే ముఖ్యమనుకున్నందుకు ఊరంతా, కాపాడబడినవాళ్ళతో సహా, అతన్ని దూషించింది. అతను ప్రాణం తీసుకున్నాడు. తర్వాత స్నేహితులు ఒబిటో, రిన్ పోయారు, గురువు మినాటో పోయాడు. పిల్లవాడు ముఖానికి ముసుగు వేసుకున్నట్టే మనసుకూ వేసుకున్నాడు. ఊరి నాయకుడైన హొకాగే నేరుగా నడిపే రహస్య దళంలో చేరి చీకటి పనుల్లో మునిగిపోయాడు. అనిమేలో ఆ రోజుల్ని చూపించిన భాగంలో గై తననూ ఆ దళంలో చేర్చుకోమని అడుగుతాడు. స్నేహితుడికి దగ్గరగా ఉండాలని. ఒప్పుకోరు. గై లాంటి మనిషి చీకటి పనులకు పనికిరాడు. తర్వాత కకాషిని ఆ దళం నుంచి తప్పించమని, పిల్లలకు గురువుగా పెట్టమని పెద్దల దగ్గర మాట్లాడేవాళ్ళలో గై ఉంటాడు.

అలాంటి కకాషి దగ్గరికి ‘ఎలా ఉన్నావు?’ అంటూ వెళ్ళి కూర్చుంటే మాట్లాడతాడా? మాట్లాడడు. ఓదార్పును వెనక్కి తిప్పి పంపడం అతనికి బాగా వచ్చు. కాని ‘రా, పందెం!’ అని ఒకడు వీధిలో నిలబడి అరిస్తే ఏదో ఒకటి చెయ్యాలి. కనీసం రాయో కాగితమో చూపించాలి. గై సవాళ్ళన్నీ ఒక రకంగా పలకరింపులేనని నా నమ్మకం. జాలి పడకుండా పలకరించే దారి అతనికి దొరికింది. గాయపడిన మగవాళ్ళతో మగవాళ్ళు మెలిగే తీరులో ఇది అన్నిచోట్లా ఉన్నదే. అయితే గై అంత బాహాటంగా, అంత సిగ్గు లేకుండా, ఏళ్ళ తరబడి చేసేవాళ్ళు తక్కువ.

పోటీనే తోడుగా మార్చే ఈ ఆలోచనకు జపాన్ యుద్ధకళల్లో నిజమైన మూలమే ఉంది. కానో జిగోరో 1882లో టోక్యోలోని ఏషోజి అనే బౌద్ధ ఆలయంలో, 12 చాపలు పట్టే గదిలో, కొడోకాన్ పేరుతో జూడో నేర్పడం మొదలుపెట్టాడు. జూడోలో కొత్తవాడికి మొదట నేర్పేది పడటం. దెబ్బ తగలకుండా, మెడ కాపాడుకుంటూ, అరచేత్తో చాపను చరుస్తూ పడటం. ఎందుకంటే విసరడం ఒంటరిగా వచ్చే విద్య కాదు. ఎవరో ఒకరు తన ఒళ్ళు అప్పగించాలి. అప్పగించినవాణ్ణి జాగ్రత్తగా కిందికి దింపాలి. కాసేపటికి ఇద్దరూ చోటు మార్చుకుంటారు. నువ్వూ నేనూ కలిసే బాగుపడతామన్నది కానో తన విద్యకు చెప్పుకున్న రెండు మూలసూత్రాల్లో ఒకటి. డోజోలో సాయంత్రం నీ చేత పది సార్లు పడినవాడు నీకు పది మెట్లు కట్టినవాడే. అతనికి తల వంచి మొక్కి గానీ బయటికి రారు.

ఆ లెక్కన చూస్తే కకాషికీ కొంత పేరు ఇవ్వాలి. ముందున్నవాడికి ఆట అవసరం లేదు. వెనకనున్నవాడు ఎంత పిలిచినా వినబడనట్టు వెళ్ళిపోవచ్చు, లోకం తప్పుపట్టదు. కకాషి విసుక్కున్నాడు, పుస్తకం చదువుకున్నాడు, నిట్టూర్చాడు, చివరికి ఆడాడు. 99 సార్లు ఆడాడు. సగం సార్లు ఓడిపోవడానికి సిద్ధపడ్డాడు. పెద్ద ఉద్యోగంలో, పెద్ద పేరులో ఉన్నవాళ్ళు చిన్ననాటి స్నేహితులతో ఈపాటి ఆట కూడా ఆడరు, తీరిక లేదంటారు.

గైకి ఈ తత్వం ఎక్కడి నుంచి వచ్చింది? తండ్రి నుంచి. మైట్ డై జీవితాంతం అట్టడుగు హోదాలోనే ఉండిపోయిన నింజా. ఊళ్ళోవాళ్ళు అతనికి పెట్టిన పేరే అది, ఎప్పటికీ గెనిన్ అని. కుర్రాళ్ళు కూడా నవ్వేవాళ్ళు. అతను ఆ ఆకుపచ్చ బట్టలే వేసుకుని, యవ్వనం యవ్వనం అంటూ ఉత్సాహంగా తిరిగేవాడు. అతనికి ఇరవై ఏళ్ళలో పట్టుబడింది ఒకే ఒక్క విద్య. ఒంట్లోని ఎనిమిది ద్వారాలను ఒక్కొక్కటిగా తెరిచే విద్య. శరీరం తనను తాను కాపాడుకోవడానికి పెట్టుకున్న హద్దులవి. ఎనిమిదోది తెరిస్తే అంతులేని బలం వస్తుంది, ఆ వెంటే చావు. ఆత్మీయులను కాపాడటానికి తప్ప దాన్ని వాడకూడదన్న నియమంతోపాటు కొడుక్కు ఆ విద్య ఇచ్చాడు. పొగమంచు గ్రామపు ఏడుగురు ఖడ్గవీరులు గైనీ అతని స్నేహితులిద్దరినీ చుట్టుముట్టినప్పుడు ఆ నవ్వులపాలైన మనిషే వచ్చి ఎనిమిదో ద్వారం తెరిచాడు. పిల్లలు బతికారు. అతను బూడిదయ్యాడు.

తనకు తాను పెట్టుకునే శిక్ష కూడా ఇంటి నుంచి వచ్చిన అలవాటే. ఫలానాది చెయ్యలేకపోతే దానికి రెట్టింపు మరొకటి చేస్తాను అని ముందే చెప్పుకోవడం. పైకి పిచ్చిగా కనిపిస్తుంది. ఓటమి తర్వాతి గంట ఎలా గడుస్తుందో గమనించినవాళ్ళకు అందులో తెలివి కనిపిస్తుంది. ఓడిన మనిషి మనసు ఆ గంటలో గెలిచినవాడి చుట్టూ తిరుగుతుంది. వాడికి దొరికిన అవకాశాలు, వాడి అదృష్టం, వాడి తండ్రి. గైకి ఆ గంట ఖాళీగా ఉండదు. అప్పటికే అతను తలకిందులై ఊరి పొలిమేర దాకా వెళ్ళి ఉంటాడు. అసూయ లేకుండా పుట్టడం కొందరికి వరమేమో. గై విషయంలో మాత్రం అది అభ్యాసంగానే కనిపిస్తుంది, బస్కీల్లాగా.

అయితే ఈ మనిషిని విగ్రహం చేసి పూలమాల వెయ్యడానికి నాకు మనసొప్పదు. పై హోదా కోసం జరిగే చూనిన్ పరీక్షల్లో రాక్ లీకీ, ఇసుకను ఆయుధంగా వాడే గారాకూ జరిగిన పోరాటం అందుకు అడ్డం. లీకి మంత్రవిద్యలేవీ పట్టుబడవు, ఒట్టి శరీరమే ఉంది. కాళ్ళకు కట్టుకున్న బరువులు విప్పి పడేస్తే నేల బద్దలైన దృశ్యం చూసి ఒక తరం పిల్లలు కేకలు వేశారు. కాని ఆ తర్వాత లీ ఒక్కొక్క ద్వారం తెరుస్తూ ఐదో దాకా వెళ్ళాడు. కండరాలు చిరిగాయి. గారా ఇసుక అతని ఎడమ చెయ్యీ కాలూ నలిపేసింది. స్పృహ తప్పి కూడా పోరాడే భంగిమలో లేచి నిలబడ్డాడు. గై పరుగున వెళ్ళి వాణ్ణి పట్టుకుని ఏడ్చాడు. అంతకుముందే పక్కనున్న కకాషి కోపంగా మందలించాడు, ఒక పిల్లవాడికి ఇంత ప్రమాదకరమైన విద్య నేర్పుతావా, ఎంత అభిమానమైనా హద్దుండాలని. ఆ పిల్లవాడికి ప్రాణం కంటే విలువైనది ఒకటుంది, దాన్ని నిలబెట్టుకునే శక్తి ఇవ్వాలనుకున్నానని గై జవాబు.

నా మటుకు నాకు అక్కడ కకాషిదే న్యాయం అనిపిస్తుంది. తన కన్నీళ్ళలో శిష్యుణ్ణి కూడా తడిపేసే గురువు కొన్నిసార్లు శిష్యుడి వయసు మరిచిపోతాడు. అయినా గై పక్కన ద్రోణుణ్ణి నిలబెట్టి చూస్తే మనసు కాస్త మెత్తబడుతుంది. అర్జునుడికి ఇచ్చిన మాట కోసం ద్రోణుడు ఏకలవ్యుడి బొటనవేలు అడిగాడు. గై దగ్గరా అలాంటి ఇద్దరున్నారు. హ్యూగా వంశపు మేధావి నెజి ఒకడు, ఏ విద్యా అంటని లీ ఒకడు. ఒకరిని పెంచడానికి మరొకరిని కోయాలన్న ఆలోచన అతనికి రానే రాదు. నువ్వు నెజి అంతటివాడివని లీకి అబద్ధమూ చెప్పడు. శ్రమ చెయ్యగలగడమే నీ ప్రతిభ అంటాడు.

ఇసుక గ్రామపు నాయకుడైన కజెకాగేను శత్రువుల నుంచి విడిపించి తిరిగి వచ్చేటప్పుడు ఒక చిన్న సన్నివేశం ఉంది. కకాషి శక్తంతా ఖర్చయి నడవలేని స్థితిలో ఉంటాడు. గై అతన్ని వీపున వేసుకుని పరుగు పెడతాడు, పందెం పెట్టుకుని మరీ. అక్కడ కథకుడు మనల్ని నవ్విద్దామనుకున్నాడు, నవ్వుతాం కూడా. అసూయ ఉన్నవాడు ప్రత్యర్థిని భుజాన మోస్తూ పరిగెత్తలేడని ఆ నవ్వులో గమనించం.

కథ చివరి మహాయుద్ధంలో శత్రువు మదరా ఎదుట గై ఎనిమిదో ద్వారం తెరిచే ఘట్టాన్ని అభిమానులు వందసార్లు చూస్తారు. ఆకాశం ఎర్రబడటం, గాలి చీలడం, ఆ చివరి తన్ను. తాను ఎదుర్కొన్నవాళ్ళలో ఒంటి విద్యలో ఇంతటివాడు లేడని మదరా అంతటివాడు ఒప్పుకుంటాడు. నన్ను ఆపేవి అంచుల్లోని మనుషులు. ఆ దాడికి దారి చెయ్యడానికి కకాషి ఉన్నాడు, లీ ఉన్నాడు. ఒకప్పుడు లీ కాలు నలిపిన గారా కూడా ఉన్నాడు, ఈసారి ఇసుకతో కాపాడుతూ. ఏ పగా మిగల్చుకోని గురువు చుట్టూ చివరికి అలాంటివాళ్ళే పోగవుతారేమో.

కథానాయకుడు నరుటో గై ప్రాణాన్ని ఆరిపోకుండా నిలిపాడు. కాలు మాత్రం బాగుపడలేదు. యుద్ధం తర్వాత కకాషి ఆరో హొకాగే అయ్యాడు, గై చక్రాల కుర్చీలోకి వచ్చాడు. లెక్కలు చూసేవాళ్ళకు పోటీ అక్కడితో ముగిసినట్టే. కకాషి పదవి దిగిపోయాక ఇద్దరూ కలిసి వేడినీటి బుగ్గల ఊళ్ళకు యాత్ర వెళతారు. గై గొంతు మునుపటి అంతే పెద్దది, ఉత్సాహమూ అంతే. కాళ్ళతోనే బతికిన మనిషి కాలు పోయాక చేదెక్కకపోవడం చూసి నాకు అతని తండ్రి గుర్తొస్తాడు. హోదా లేకుండా నవ్వుతూ తిరిగిన ఆ మనిషి కొడుక్కి ఇచ్చింది ఎనిమిది ద్వారాల విద్య ఒక్కటేనా?

ఆ ఇచ్చినది దానంతట అది కిందికి దిగదు కూడా. తర్వాతి కథ ‘బొరుటో’లో రాక్ లీకి మెటల్ లీ అనే కొడుకున్నాడు. అవే ఆకుపచ్చ బట్టలు, అదే జుట్టు. ఎవరూ లేని చోట సాధన చేస్తే అద్భుతంగా చేస్తాడు. నలుగురు చూస్తున్నారంటే మాత్రం చేతులు వణుకుతాయి, అడుగులు తడబడతాయి. ఊరంతా నవ్వినా లక్ష్యపెట్టని డై దగ్గర మొదలైన వరసలో, చూపులకే భయపడే పిల్లవాడు! తండ్రి ధైర్యం చెప్పగలడు, బట్టలు కుట్టించి ఇవ్వగలడు. నలుగురి మధ్య తడబడిన రోజు సాయంత్రం తనకు తాను ఏ పందెం కాసుకోవాలో ఆ పిల్లవాడే తేల్చుకోవాలి.