తాలు

ఎడిటర్ గౌతంరాజు గారిది ఒంగోలు. 1981లో ‘చట్టానికి కళ్లు లేవు’తో ఎడిటర్ అయ్యారు. 2022 జులైలో హైదరాబాదులో కన్నుమూసేనాటికి ఆయన చేతిమీదుగా వెళ్లిన సినిమాలు 800 పైచిలుకు. ‘ఆది’, ‘కిక్’, ‘గబ్బర్‌సింగ్’, ‘రేసుగుర్రం’ డైలాగులు మనలో చాలామందికి కంఠతా వచ్చు. ఆ డైలాగుకి ముందు ఎంతసేపు ఆగాలో తేల్చిన మనిషి గురించి పెద్దగా తెలీదు. అది ఆ వృత్తి లక్షణమే. అతుకు కనబడితే పని చెడినట్టు.

నన్ను తొలిచే ప్రశ్న వేరు. ఆ 800 సినిమాల్లోంచి తీసేసినవాటి సంగతేంటి?

ఆయన పుట్టిన వైపు, గుంటూరు నుంచి ప్రకాశం దాకా, మిరపకాయలు ఎండాక ఆడకూలీలు కల్లాల్లో కూర్చుని తాలు ఏరతారు. రంగుపోయి తెల్లబడ్డ కాయ తాలు. అది కలిస్తే సరుకు మొత్తానికి ధర పడిపోతుంది. అయినా గుంటూరు యార్డులో తాలుకీ ఓ రేటుంటుంది. ఎడిటింగ్ టేబుల్ మీద పక్కకి పోయినదానికి ఏ రేటూ లేదు. పైగా అందులో తాలే కాదు, ఎర్రటి మేలు కాయలూ ఉంటాయి. సీను బాగుంటుంది, నటుడు బాగా చేసుంటాడు. కథ నడక కోసం తీసేయాల్సి వస్తుంది.

ఒకే ఒక్క సీను ఉన్న చిన్న నటుణ్ణి ఊహించుకోండి. ఊళ్లో అందరికీ చెప్పుకున్నాడు. అమ్మని మార్నింగ్ షోకి తీసుకెళ్లాడు. సీను లేదు. అతని మీద జాలితో దాన్ని ఉంచేయాలా? అక్కర్లేదు. అది టికెట్ కొన్నవాళ్లకీ, సినిమాకి పనిచేసిన మిగతావాళ్లకీ అన్యాయం. ఇక్కడిదాకా నాకు పేచీ లేదు. “సరైన పనే చేశాం కదా, ఇంక ఎవరికీ బాకీ లేం” అనే మాట దగ్గరే నేను ఆగిపోతాను.

సాగర్ కుడికాలువలో నీళ్లు చాలని ఏడాది ముందు తాగునీటికే వదలాలి. ఎవరైనా ఒప్పుకుంటారు. అలాగని చివరి ఆయకట్టు రైతు ఎండిన చేలో నిలబడుంటే, “నీకేం నష్టం జరగలేదు” అనగలమా? నిర్ణయం సరైనదైనా అతని నష్టం నష్టమే. అది అతనికి మనం పడ్డ బాకీ.

ఎడిటర్ ఒక్కడే ఏదీ తేల్చడు. దర్శకుడుంటాడు, నిర్మాత ఉంటాడు, హీరో ఉంటాడు. కానీ ఆ చిన్న నటుడి మొహాన్ని ముందుకీ వెనక్కీ తిప్పి అన్నిసార్లు చూసేది ఎడిటరే. అతనేం పోగొట్టుకుంటున్నాడో అందరికంటే ముందు తెలిసేదీ ఆయనకే. అందుకే ఆ ఎడిటింగ్ గదిలోంచే ఎవరో ఒకరు, విడుదలకి ముందే, అతనికి ఫోన్ చేయాలంటాను. “బాగా చేశావు, కానీ సినిమాలో ఉంచలేకపోయాం” అని చెప్పాలి. సీను తిరిగి రాదు. వాళ్లమ్మని థియేటర్‌కి తీసుకెళ్లాలో లేదో మాత్రం అతను ముందే తేల్చుకోగలడు.