నిషేధం పండు మీద కాదు, మత్తు మీద



దివ్య ఖుర్ఆన్ ద్రాక్షను దైవానుగ్రహంగా పలుమార్లు పేర్కొంది. స్వర్గవనాల వర్ణనలోనూ ద్రాక్షతోటలున్నాయి (78:32). మరి ఆ ద్రాక్ష నుండి తీసిన మద్యం ఎందుకు నిషిద్ధమైంది? కోనసీమలో మరో ప్రశ్న కూడా వినిపిస్తుంది: "అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు ఉన్నవి కొబ్బరితోటలు. చెట్టు నుండి నేరుగా దిగే కల్లులో తప్పేముంది?"

దీనికి జవాబు మదీనా వీధుల్లో దొరుకుతుంది. మద్యనిషేధ ఆజ్ఞ (5:90) అవతరించిన నాటికి అక్కడ ద్రాక్ష మద్యం అరుదు. జనం ఎక్కువగా తాగింది ఖర్జూరం పులియబెట్టిన పానీయమే. ఆ రోజు హజ్రత్ అనస్ (రజి) ఒక ఇంట్లో అదే పోస్తున్నారు. ప్రకటన చెవిన పడగానే దాన్ని పారబోశారు. అది వీధుల్లో పారింది. 'ఇది ద్రాక్షది కాదు కదా' అని ఎవరూ వాదించలేదు. యెమెన్‌వారి తేనె, బార్లీ పానీయాల గురించి అడిగినప్పుడు కూడా దైవప్రవక్త (స) మత్తు కలిగించేదంతా హరామ్ అనే తీర్పునిచ్చారు. ఎక్కువ తాగితే మత్తెక్కించేది కొంచెమైనా నిషిద్ధమే.

అయితే ద్రాక్షపండు, దాని తాజా రసం హలాల్. దైవప్రవక్త (స) ఎండుద్రాక్ష నానబెట్టిన తియ్యటి నీరు తాగేవారు. మూడు రోజులు దాటాక మిగిలింది తాగేవారు కాదు. సున్నం పూసిన ముంతలో పట్టిన తాజా నీరా కూడా తియ్యగా, మత్తు లేకుండా ఉన్నంతవరకు అలాంటిదే. కానీ మన ఎండకు అది కొద్ది గంటల్లోనే పులుస్తుంది. మత్తు పుట్టగానే దాని తీర్పు మారుతుంది. అదే తనంతట తాను వెనిగర్‌గా మారితే మళ్ళీ ధర్మసమ్మతమవుతుంది.

ఇక అసలు పరీక్ష రైతుకే. కొబ్బరికాయ ధర పడిపోయిన ఏడు, పిల్లల ఫీజులు కట్టవలసిన వేళ, "చెట్లు కల్లుకు ఇవ్వండి, డబ్బిస్తాం" అని ఎవరైనా వస్తే? మద్యం తాగేవానితోపాటు పిండేవాడు, మోసేవాడు, అమ్మేవాడు, దాని సొమ్ము తినేవాడు కూడా శాపగ్రస్తులని హదీసు హెచ్చరిస్తోంది. మద్యం చేసేవానికి ద్రాక్ష అమ్మడంపై ధర్మవేత్తల్లో భిన్నాభిప్రాయాలున్నా, తెలిసి అమ్మడం కూడదని అనేకులు అన్నారు. పాపకార్యంలో సహకరించవద్దన్నది ఖుర్ఆన్ ఆజ్ఞ (5:2). మద్యంలో కొంత లాభం ఉందని ఒప్పుకుంటూనే, దాని పాపం అంతకన్నా పెద్దదని కూడా ఖుర్ఆన్ తెలిపింది (2:219). ఆ కొంత లాభమే రైతును ఊరిస్తుంది.

అలాగని గీతవృత్తి మీద బ్రతికే పొరుగువారిని చులకన చేయకండి. వారిని నిందించినంత మాత్రాన మన తోట శుద్ధి కాదు. మన సంపాదనకు మనమే జవాబుదారులం. కాయగా, కొబ్బరిగా, పీచుగా ఆ చెట్టు ఇచ్చే హలాల్ ఉపాధి ఎంతో ఉంది. అది తక్కువైనా శుభం దానిలోనే ఉంటుంది.

అల్లాహ్ మన ఇళ్ళను మత్తు నుండి, మన పళ్ళేలను నిషిద్ధ సంపాదన నుండి కాపాడుగాక! ఆమీన్.