ఒకే ఏరు, రెండు చేపలు

పొద్దు వాలే వేళ పిచ్చాటూరులో అరణియార్ కట్ట మీద గాలం వేసుకుని కూర్చున్న మనిషిని పలకరిస్తే చప్పున బదులు రాదు. అతని ధ్యాసంతా నీళ్ల మీద తేలుతున్న నెమలీక కాడ మీద ఉంటుంది. ఆ కాడ ఒకసారి వణుకుతుంది, ఆగుతుంది, కాస్త పక్కకు జరుగుతుంది, ఆ తర్వాతే మునుగుతుంది. ఆ మునక తీరు చూసే కింద తగిలింది జెల్లో, మరొకటో చెప్పేస్తారు చెయ్యి తిరిగినవాళ్లు.

ఈ వ్యాసకర్త పదేళ్లప్పుడు అదే కట్ట మీద మేనమామ పక్కన కూర్చున్నాడు. గంటసేపు ఏమీ తగల్లేదు. “మామా, ఇంగ పోదామా?” అని అడిగితే, “చీకటి పడనీ నైనా, మీసాల చేప అప్పుడే కదలతాది” అన్నాడాయన. చీకటి పడ్డాక ఒక జెల్ల వచ్చింది. జానెడు కూడా లేదు. పొలుసు లేని నున్నటి ఒళ్లు, మూతి చుట్టూ ఎనిమిది మీసాలు. గుప్పిట్లో పట్టుకోగానే కిర్రు కిర్రుమంది. ఆ చప్పుడు నోటిది కాదు, పక్క రెక్కల ముళ్లను వాటి గూట్లో రాపాడించి జెల్ల చేసే చప్పుడు. ఆ సంగతి తెలిసేలోపే ముల్లు బొటనవేలిలో దిగింది. మామ వక్కాకు సంచిలోంచి సున్నం తీసి రాశాడు. ముళ్ల వెనకగా వేళ్లు పోనిచ్చి చేపను ఎట్లా పట్టుకోవాలో చూపించాడు. నొప్పి తెల్లవార్లూ ఉంది. మర్నాడు సాయంత్రం ఆ పిల్లవాడు ఎవరూ పిలవకుండానే మళ్లీ కట్టెక్కాడు.

ఎందుకు వెళ్లాడు? ఇన్నేళ్లుగా ఆ ప్రశ్న అతన్ని వదల్లేదు.

పిచ్చాటూరు దాటాక అరణి ఏరు సురుటుపల్లిలో పళ్లికొండేశ్వరుడి గుడిని ఆనుకుని సాగి, ఊత్తుకోట మీదుగా తమిళనాడులోకి వెళ్లి, పులికాట్ దగ్గర ఉప్పునీళ్లలో కలుస్తుంది. పైన చెరువుల్లో, మడుగుల్లో జెల్ల, వాలుగ వంటి మీసాల చేపలు, ఇంగ్లీషులో క్యాట్‌ఫిష్. కింద ఉప్పునీరూ తీపినీరూ కలిసే చోట పండుగప్ప. ఇంగ్లీషులో ఏషియన్ సీబాస్ అనేది దీన్నే, ఆస్ట్రేలియా వాళ్లకు ఇదే బారముండి. అమెరికా వాళ్లు మోజు పడే లార్జ్‌మౌత్ బాస్‌ది వేరే కుటుంబమే గానీ, మాటువేసి ఎర మీద పడే తీరు రెండింటిదీ ఒకటే. క్యాట్‌ఫిష్ గొప్పదా, బాస్ గొప్పదా అని అక్కడి గాలం సరదారాయుళ్లు తెగ వాదించుకుంటారు. ఆ వాదం తేల్చుకోవడానికి తిరుపతి జిల్లా వాళ్లకు విమానం ఎక్కే పనిలేదు.

పండుగప్ప కంటితో వేటాడే చేప. మడచెట్ల వేళ్ల సందునో, మునిగిన దుంగ చాటునో కాపు వేస్తుంది. చిన్నచేప అందేంత దగ్గరికి రాగానే ఒక్కసారిగా నోరు తెరుస్తుంది, నీళ్లతోపాటు చేపా లోపలికి పోతుంది. కదలికను చూసి దూకుతుంది కాబట్టి ప్రాణమున్న ఎర అక్కర్లేదు. రంగువేసిన కర్రముక్కను నిజం చేపలా ఈదించగలిగితే చాలు, మోసపోతుంది. తగిలాక నీళ్ల మీదికి ఎగిరి తల విదిలిస్తుంది. మన చెరువుల్లో ఇటువంటి దూకుడు కొర్రమీనుది. కప్పబొమ్మను గడ్డి మీదుగా లాగితే కొర్రమీను కొట్టే దెబ్బకు గట్టు మీదున్నవాడు కూడా ఉలిక్కిపడతాడు.

వాలుగకు బురదనీళ్లలో కళ్లతో పెద్దగా పనిలేదు. రుచి పసిగట్టే మొగ్గలు మీసాల మీదే కాదు, ఒంటి మీదా ఉంటాయి. ఒకరకంగా దాని ఒళ్లంతా నాలుకే. ఎర వాసన నీళ్లలో పరుచుకుంటూ పోవాలి, అది ఎక్కడో పట్టుకోవాలి, చీకట్లో తడుముకుంటూ రావాలి. పట్టేవాడు చేయగలిగింది కూర్చోవడమొక్కటే.

బరువు మాటకొస్తే పోలికే లేదు. 1932 జూన్ 2న అమెరికాలోని జార్జియాలో జార్జ్ పెర్రీ పట్టిన లార్జ్‌మౌత్ బాస్ 22 పౌండ్ల 4 ఔన్సులు తూగింది, మన లెక్కలో పది కిలోలు. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో మనబు కురిటా పట్టిన చేప దాని సరసన నిలిచింది. అంతకుమించి బరువున్న చేప రికార్డుకెక్కలేదు. 2011లో వర్జీనియాలో దొరికిన బ్లూ క్యాట్‌ఫిష్ 143 పౌండ్లు, అంటే దాదాపు 65 కిలోలు. ఆరు రెట్లకు పైమాటే. అయినా పందేలూ పడవలూ టీవీ కార్యక్రమాలూ అన్నీ బాస్ చుట్టూనే అల్లుకున్నాయి. 1967లో రే స్కాట్ అనే ఆయన ఆర్కన్సాలోని బీవర్ సరస్సులో బాస్ పోటీ పెట్టి, మరుసటి ఏడాది బాస్ పట్టేవాళ్ల సంఘం కట్టాడు. అక్కణ్ణుంచి అదొక పరిశ్రమే అయింది.

కారణం చేప రుచిలో లేదు, బరువులోనూ లేదు. బాస్ పట్టినవాడి దగ్గర చెప్పుకోవడానికి కథ ఉంటుంది. ఏ దుంగ పక్కన విసిరాడు, ఏ రంగు ఎర కట్టాడు, ఎక్కడ ఆపాడు, ఎప్పుడు లాగాడు. ప్రతి వాక్యంలోనూ అతనే కర్త. వాలుగ పట్టినవాణ్ణి అడగండి: “కూర్చున్నా, వచ్చింది” అంటాడు. నేర్పు లేదని కాదు. చోటు తెలియాలి, వేళ తెలియాలి, ఎరను చూసుకోవాలి. కానీ చివరి అడుగు చేపది. ఈ వ్యాసకర్తకు మీసాల చేప మీదే మనసు ఎందుకు నిలిచిందంటే, కనబడనిది తనంతట తాను వచ్చి చేతికి తగలడంలో ఒక అబ్బురం ఉంది. గెలిచానన్న భావంలో అది దొరకదు. ఆ పిల్లవాడు మర్నాడు వెళ్లింది దానికోసమే. తిరుపతి చుట్టుపక్కల వాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు. వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో గంటల తరబడి కూర్చుని, లోపల రెప్పపాటు దర్శనం చేసుకుని బయటికొచ్చినవాడు కాలం వృథా అయిందని అనడు.

అయితే చేపకు గుచ్చుకునే కొక్కెం సంగతేమిటి? పిచ్చాటూరు పక్క మండలమే నాగలాపురం. శ్రీకృష్ణదేవరాయలు తల్లి నాగలాంబ పేరు పెట్టిన ఊరు. అక్కడి వేదనారాయణస్వామి మత్స్యావతారం, నడుం కింద చేప రూపం. ఏటా మార్చిలో మూడు సాయంత్రాలు సూర్యకిరణాలు గర్భగుడిలోకి వచ్చి మొదటిరోజు పాదాలను, రెండోరోజు నాభిని, మూడోరోజు నుదుటిని తాకుతాయి. భాగవత కథలో సత్యవ్రతుడి దోసిట్లోకి చేపపిల్ల వచ్చి అడిగింది ఒక్కటే, పెద్దచేపల నుంచి కాపాడమని. ఆ గుడికి దండం పెట్టుకుని వెళ్లి, ఆకలి కోసం కాక సరదా కోసం గాలం వేయడం తేలికైన విషయం కాదు. జాలరి తన కూటి కోసం పడతాడు, అతనికి ఈ ప్రశ్న లేదు. సరదాకు వెళ్లేవాడికి మాత్రం ఉంది, ఉండాలి. పట్టిన చేపను బతికుండగానే వదిలేసే పద్ధతిని రే స్కాట్ తన పోటీల్లో 1972లోనే తెచ్చాడు. నొప్పి అప్పుడూ ఉంటుంది, ప్రాణం మిగులుతుంది. ఈ వ్యాసకర్త ముల్లులేని కొక్కెం వాడతాడు. అంతకంటే మంచి జవాబు అతనికి ఇంకా దొరకలేదు.

ఇక్కడ ఈ రెండు చేపలకూ రోజులు బాగాలేవు. క్యాట్‌ఫిష్ అనగానే మనవాళ్లకు కోళ్ల వ్యర్థాలతో మేపే గుంతలు గుర్తొస్తాయి. ఆ గుంతల్లో పెరిగేది ఆఫ్రికా నుంచి వచ్చిన రకం, మన చేపలను మింగేస్తుందని కేంద్రం 2000లోనే దాని పెంపకాన్ని నిషేధించింది. ఆ చెడ్డపేరు ఏ పాపమూ ఎరగని వాలుగ మీద పడింది. పండుగప్ప కథ ఇంకొకటి. అది మగచేపగా ఎదిగి, కొన్నేళ్లకు ఆడదిగా మారుతుంది. గుడ్లు పెట్టడానికి సముద్రం వైపు దిగుతుంది, పిల్లలు తీపినీళ్ల వైపు ఎక్కుతాయి. చెన్నైలోని ఉప్పునీటి చేపల పరిశోధన సంస్థ సీబా 1997లో దానిచేత హేచరీలో గుడ్లు పెట్టించగలిగింది. కానీ రాయదొరువు దగ్గర పులికాట్ సరస్సు ముఖద్వారం ఇసుకతో పూడిపోతే సముద్రం నుంచి లోపలికి వచ్చే దారి ఏ హేచరీ తెరవగలదు?

గాలం పట్టే మిత్రులకు ఒక మనవి. పండుగప్పల్లో బాగా పెద్దవన్నీ దాదాపు తల్లులే. వాలుగ ఇప్పుడు ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం ముప్పు జాబితాలో ఉంది. కొత్తనీళ్లు వచ్చినప్పుడు కడుపు నిండా గుడ్లతో ఎదురెక్కే వాలుగ మీ గాలానికి తగిలితే, తడిచేత్తో పట్టుకుని, కొక్కెం తీసి, అదే నీళ్లలో వదిలెయ్యండి.