తిట్టే డాక్టరుకు నిజం దొరకదు

చిరంజీవి లలితకు,

హౌస్ సర్జన్సీలో తల ఎత్తే తీరిక లేదని, "ఎంత చెప్పినా వినరు అమ్మమ్మా, మందులు మానేసి వచ్చి అబద్ధాలు చెప్తారు" అని ఫోన్‌లో విసుక్కున్నావు. వార్డుల్లో నర్సుగా తిరిగినదాన్ని కదా, రెండు మాటలు చెప్పాలనిపించింది. వాళ్లు అబద్ధాలు చెప్పే మాట నిజమే. కానీ వాటిలో సగం మన చీవాట్లకు భయపడి చెప్పేవే.

షుగరున్న కూలి మనిషినే తీసుకో. మెట్‌ఫార్మిన్ మొదలుపెట్టిన కొత్తలో కొందరికి విరేచనాలవుతాయి. నాట్లు వేసే చేలో ఆడమనిషి చాటుకు ఎక్కడికి పోతుంది? మాత్ర మానేస్తుంది. "మందులు సరిగ్గా వాడుతున్నావా?" అని నువ్వు గద్దిస్తే తల ఊపుతుంది. హెచ్‌బీఏ1సీ రక్తపరీక్ష చేయిస్తే రెండు మూడు నెలల సంగతి బయటపడుతుంది గానీ, ఎందుకు మానేసిందో ఆ కాగితం చెప్పదు. నువ్వేమో మందు చాలలేదనుకుని డోసు పెంచుతావు. అదే, "అప్పుడప్పుడూ మర్చిపోవడం మామూలేలే, ఇంట్లో ఇంకా ఎన్ని మాత్రలు మిగిలాయమ్మా?" అని అడిగి చూడు. సిగ్గుపడుతూనే అసలు విషయం చెప్తుంది. అన్నం తింటూ వేసుకోమనడమో, తక్కువ డోసుతో మొదలుపెట్టి మెల్లగా పెంచడమో, అప్పుడు నీకు దారి దొరుకుతుంది.

టీబీ దగ్గర ఈ భయం ఇంకా ప్రమాదం. మందులు పడ్డ రెండు నెలలకే దగ్గు తగ్గి, ఆకలి పుట్టి, మనిషి తేరుకుంటాడు. "నయమైపోయింది" అని మానేస్తాడు. మిగిలిన క్రిములు మందుకు లొంగకుండా మొండికేస్తాయి. కాబట్టి ఆరు నెలలు ఎందుకు వాడాలో మొదటిరోజే చెప్పు. మధ్యలో మానేసి తిరిగి వచ్చినవాణ్ణి మాత్రం తిట్టకు. తిడితే మళ్లీ నీ గడప తొక్కడు, జబ్బు ఇంట్లో పిల్లలకూ అంటుకుంటుంది.

టైమ్ ఎక్కడిది అంటావు. 1984లో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే ఇద్దరు అమెరికాలో పరిశీలిస్తే, రోగి చెప్పడం మొదలుపెట్టాక సగటున 18 సెకన్లకే డాక్టర్లు అడ్డుపడుతున్నారని తేలింది. నువ్వు కనీసం ఒక్క నిమిషం పెన్ను పక్కనపెట్టి విను. వెంట వచ్చిన కొడుకు జవాబులన్నీ తనే చెప్తుంటే, "ఒక్క నిమిషం బాబూ, అమ్మను చెప్పనీ" అను. నీ తల్లి వయసు మనిషిని ఏకవచనంలో కసరకు.

చీటీ రాసిచ్చాక "అర్థమైందా?" అని అడగడం దండగ. అందరూ అయిందనే అంటారు. "ఇంటికెళ్లాక ఏది ఎప్పుడు వేసుకుంటారో ఒకసారి చెప్పండి" అను. పొరపాటు ఉంటే అక్కడే దొరుకుతుంది. "పత్యం ఏమిటండీ?" అని అడిగితే నవ్వకు. నువ్వు చెప్పకపోతే పక్కింటివాళ్లు చెప్తారు. పప్పు, పెరుగు కూడా మాన్పించి మనిషిని ఇంకా నీరసింపజేస్తారు.

2019 నుంచి ఎంబీబీఎస్‌లో రోగితో మాట్లాడే తీరు కూడా పాఠమైందని విన్నాను, మంచిదే. కానీ రాత్రంతా డ్యూటీ చేసి, కళ్లు మండుతున్నప్పుడు పుస్తకం గుర్తుకు రాదు. అలాంటి రోజుకు ఒక్క నియమం పెట్టుకో: నిజం చెప్పినందుకు ఏ రోగీ నీ దగ్గర మాట పడకూడదు. అది ఒక్కటి నిలబెట్టుకుంటే, మిగతాదంతా వాళ్లే నీకు నేర్పుతారు.

వేళకు తిను.

ఇట్లు,
అమ్మమ్మ